చీర వెనక గోడ

నేను చేసే పని చెబితే చాలామందికి అదొక పనిలా అనిపించదు. గద్వాలలో నేసిన చీరలను ఫోన్‌తో ఫోటోలు తీసి నాకు పంపుతారు. వనపర్తిలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని నేను వాటి వంకర సరిచేస్తాను. చుట్టుపక్కల అక్కరలేనిదంతా కత్తిరించి, రంగును అసలు చీరకు దగ్గరగా తెచ్చి, వెబ్‌సైట్‌లో చప్పున తెరుచుకునేంత చిన్న సైజుకు తగ్గించి హైదరాబాద్‌కు పంపుతాను. అక్కడ ఒక మేడం ఆ వెబ్‌సైట్ నడుపుతుంది. పెళ్లికి ముందు ఒక స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు చేసేదాన్ని. చేతికి అలవాటైన పని కాబట్టి ఇల్లు కదలకుండా దీన్ని చేసుకుంటున్నాను.

గద్వాల నుంచి ఆ ఫోటోలు పంపేది ఒక నేతగాని కోడలు. ఆ సందులో ఎవరు చీర నేసి మగ్గం నుంచి కోసినా ఆమె ఇంటికే తెచ్చేవారు. వాళ్ల ఇంట్లో పొద్దున వెలుతురు బాగుంటుంది. తలుపు తీస్తే వెనక గోడ మీద ఎండ పడకుండా వెలుగు మాత్రం పరుచుకుంటుంది. జరీ మెరిసిపోయి తెల్లబడదు, పట్టు అంచు రంగు మారదు. ఆమె ఒక వెదురు కర్రకు చీర వేలాడదీసి, తలుపు దగ్గర నిలబడి తీసేది. వాట్సాప్ ఫోటోను పిండేస్తుందని చెప్పి, డాక్యుమెంట్‌గా పంపడం ఆమెకు నేనే నేర్పాను. ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కు. మాటల్లో కన్నడం దొర్లేది, కంగారైతే మరీ. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఒకరినొకరం చూసుకున్నది మాత్రం లేదు.

ఆమెకంటే ఆ గదే నాకు బాగా తెలుసు. సున్నంలో కాస్త నీలిమందు కలిపి వేసిన మట్టి గోడ. ఫోటోకు ఎడమ పక్క గది మూల, ఆ మూల నుంచి నా వైపుకు తిరిగే పక్క గోడ కొంచెం. ఆ పక్క గోడ కిందనే గుంట మగ్గం. నేల తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని ఆమె మామ కూర్చుంటాడు కాబట్టి, చాలా ఫోటోల్లో కింద ఎడమ వైపు ఆయన తల, ఒక భుజం కనిపించేవి. తలకు తువ్వాలు. ముఖం ఎప్పుడూ పడేది కాదు. మూల, మగ్గం, ఆయన, అన్నీ కత్తిరింపులో పోయేవి. చీర మాత్రం మిగిలేది.

చేత్తో పట్టుకుని తీసిన ఫోటో ఎప్పుడూ కాస్త పక్కకు ఒరిగే ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి నిటారు గీత ఒకటి ఆధారం కావాలి. ఆ ఫోటోలకు నాకు ఆధారం ఆ గది మూల. మూల నిటారుగా వచ్చేదాకా ఫోటోను తిప్పితే, చీర అంచు కూడా దానంతటదే నిటారుగా వచ్చేది. తరువాత కత్తిరించేదాన్ని. ప్రతి ఫోటోకూ ముందు చూసేది ఆ మూలనే.

మిరుగు, అదే మృగశిర కార్తె, ఇంకా రాలేదు, ఎండలు దిగుతున్న రోజులు. ఒక ఫోటోలో ఆ మూల పొడుగునా సన్నని నల్లటి గీత కనిపించింది. ఎవరో కరెంటు వైరు లాగారనుకున్నాను. కత్తిరించేసి చీర పంపాను. తరువాత వచ్చిన వాటిలోనూ అది ఉంది. పెద్దది చేసి చూస్తే వైరు కాదు. పైన లావుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంది. వైరు అలా ఉండదు.

మా కంప్యూటర్‌లో పాత ఒరిజినల్స్ అన్నీ దాచి ఉంచుతాను. మేడం ఎప్పుడైనా మళ్లీ అడుగుతుందని. ఆ మధ్యాహ్నం వాటిని తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, వెనక గోడలో ఉన్న దీపపు గూడును సరిగ్గా కలిపి చూశాను. చలికాలంలో తీసిన ఫోటోలో మూల శుభ్రంగా ఉంది. ఉగాది ముందు తీసినదాంట్లో పైకప్పు దగ్గర వెంట్రుకంత. ఆ తరువాత గూడు ఎత్తు వరకు. ఇప్పుడు మగ్గం దాకా. వరుసగా ఒకదాని తరువాత ఒకటి తెరుస్తుంటే ఆ గీత నా కళ్ల ముందే కిందికి దిగుతున్నట్టు ఉంది. అది దిగుతున్నది ఆ తువ్వాలు తల మీదికి.

ఫోన్ చేశాను.

"చెల్లె, మీ ఇంట్ల మూలకు పగులొకటి కనవడ్తుంది. చూసినవా?"

"ఏడ అక్కా?"

"చీరకు ఎడమ దిక్కు. మీ మామ కూసునే కాడ, పైన."

"ఓ, గా పగులా. మట్టి గోడలకు పగుళ్లు రాకుంటే ఎట్లక్కా. ఎండకు ఇడుస్తది, వానకు కూడ్తది. జర మట్టి మెత్తుత తీయి." ఆమె నవ్వింది. "ఫోటోల బాగ కనవడ్తుందా? చీర జరిపి తీయాల్నా?"

చీర జరపాల్సిన పని లేదన్నాను. అన్నట్టుగానే ఆమె మట్టి మెత్తింది. తరువాతి ఫోటోలో మూల పొడుగునా తడి మట్టి ముదురు రంగు పట్టీలా ఉంది. మనసు కుదుటపడింది. ఆ పట్టీ ఎండి తెల్లబడింది. ఆ తరువాత వచ్చిన ఫోటోలో పట్టీ మధ్యనే చీలింది. మెత్తిన మట్టి సగం వెనక గోడకు, సగం పక్క గోడకు అంటుకుని ఉంది. నడుమ నలుపు.

మా ఇంటాయనకు చూపించాను. ఆయన దగ్గరికి వంగి చూసి, "ఫోటోల చూసి గోడ పడ్తదని చెప్తవా? మేస్త్రీవా ఏంది నువ్వు?" అన్నాడు. అని, పోతూ పోతూ మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి చూశాడు.

ఆ ఒరిజినల్‌ను కత్తిరించకుండా హైదరాబాద్ మేడంకు పంపాను. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"ఎడమవైపు క్రాప్ చేయడం మరిచిపోయినట్టున్నారమ్మా."

"మరిచిపోలేదు మేడం. ఆ పగులు చూడమనే పంపిన. ఆ గోడ కిందనే మగ్గం ఉంది. మనిషి కూసుంటడు."

"పాత ఇళ్లు కదా. వాళ్లకు తెలియదా? మనం ఇక్కడి నుంచి వాళ్ల ఇళ్ల సంగతుల్లో ఏం చెప్పగలం? సరే, ఆ చీర మాత్రం ఈ రోజే కావాలి."

ఆమెను తప్పుపట్టలేను. ఆమె దగ్గరికి ఎప్పుడూ చీర ఒక్కటే చేరేది. దాని వెనక ఇల్లున్న సంగతి ఆమె చూసింది అదే మొదటిసారి. ఆ చీరను కత్తిరించి పంపాను. వెబ్‌సైట్‌లో చూస్తే ఎంత అందంగా ఉందో, ఆకాశంలో వేలాడదీసినట్టు.

నాకు మాత్రం కూర్చున్నచోట మనసు నిలవలేదు. ఒక పొద్దున బస్సెక్కాను. పెబ్బేరు దాటి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటుతుంటే నదిలో ఇంకా రాళ్లు తేలే ఉన్నాయి. వానలు పడకముందే చేరుతున్నానన్న ధైర్యం వచ్చింది. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర గద్వాల దిక్కు ఆకాశం ఉతకని గుడ్డలా మసకబారి ఉంది. నాకెదురుగా కూర్చున్న ఒక ముసలామె కొంగు కప్పుకుంటూ, "ఈయేడు గట్టిగనే ఉంటదంట వాన" అంది. ఎవరితో అన్నదో తెలియదు.

కోడలు బస్టాండ్‌కు వచ్చింది. నేను అనుకున్నదానికంటే చిన్నది, సన్నటిది. నా చెయ్యి పట్టుకుని సందులు తిప్పి తీసుకుపోయింది. గడపలో అడుగుపెట్టగానే వెనక గోడను గుర్తుపట్టాను. దీపపు గూడు, వెదురు కర్ర, నీలిమందు సున్నం. గది మాత్రం ఫోటోల్లో కంటే చిన్నది. వెనక్కి తిరిగితే మిగతా గోడలు ఎన్నడూ చూడనివి. రెండేళ్లుగా ఒకే కిటికీలోంచి చూసిన ఇంట్లోకి నడిచినట్టు ఉంది.

మగ్గం చప్పుడు ఆగింది. గుంటలోంచి ముసలాయన నా ముఖం వైపు చూశాడు. తువ్వాలు కింద ఉన్న ఆ ముఖం నాకు కొత్త. కళ్లద్దాల ఒక పక్కకు దారం కట్టి ఉంది.

"ఈమెనే మామా, ఫోటోలు చేసే అక్క."

"కూసో బిడ్డా," అన్నాడు. మళ్లీ దారపు నాడె విసిరాడు.

నేను మూల దగ్గరికి పోయాను. నా ఛాతీ ఎత్తులో పగులులోకి వేలు పోయింది. తలపైన ఎత్తులో చెయ్యి పెడితే నాలుగు వేళ్లూ పోయాయి. లోపలి నుంచి చల్లటి గాలి తగిలింది. పైన చూస్తే పక్క గోడ మీద ఆనిన దూలాలు. వాటి మీద మట్టి మిద్దె. ఏటేటా వానకు ముందు కారకుండా కొత్త మట్టి పోసుకుంటూ వచ్చారు. అదంతా పైనే ఉంది. పాతది తీసినవాళ్లెవరూ లేరు.

"గోడ అవతల ఏముంది చెల్లె?"

ఆమె నన్ను ఇంటి పక్కకు తీసుకుపోయింది. అక్కడ గొయ్యి. జేసీబీ పెట్టి నిలువున తవ్విన గొయ్యి, మనిషి మునిగేంత లోతు. పాత ఇల్లు కూల్చి, కింద సెల్లార్‌తో కొత్త బిల్డింగ్ కట్టాలని ఆ జాగా కొన్నాయన సంక్రాంతి తరువాత మొదలుపెట్టించాడట. అన్నదమ్ముల తగాదాతో పని ఆగింది. ఆయన వేరే ఊర్లో ఉంటాడు. "ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తి, వస్త అన్నడు. మళ్ల ఎత్తలే." మొన్న పడిన జల్లుకే గొయ్యి అడుగున ఎర్రటి నీళ్లు నిలిచాయి. ఆ గొయ్యి అంచు వాళ్ల గోడ పునాది దాకా వచ్చింది. మట్టి జారిపోయి పునాది రాళ్లు చిగుళ్లు వదిలిన పళ్లలా బయటపడి ఉన్నాయి. మేము చూస్తుండగానే ఒక చిన్న పెళ్ల ఊడి నీళ్లలో పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు.

"నాకు నిద్ర పట్టదక్కా," అంది ఆమె మెల్లగా. "గోడల నుంచి ఇసుక రాలినట్టు సప్పుడొస్తది. ఎలుకలంటడు మామ. మా ఇంటాయనేమో రాయచూరుల మిల్లుకు పోతడు, ఆదివారం వస్తడు. ఆయన ముంగట ఈ మాట తీస్తే, నాయన ఇనడు, నేనేం చేయాలె అంటడు."

లోపలికి వచ్చి నేనే చెప్పాను. "పెద్దనాయనా, ఈ మూల మంచిగ లేదు. జర మగ్గం అటు దిక్కుకు మార్చుకోరాదు?"

"మగ్గం గుంటల ఉంటది బిడ్డా. నువ్వన్నవని లేచి నడువదు."

"మరి కొన్ని దినాలు పని ఆపి..."

"పడుగు మీద చీర ఉంది." ఆయన గొంతు పెంచలేదు. పడుగు అంటే మగ్గం పొడుగునా బిగించిన దారాలు. ఆయన వాటి మీద అరచెయ్యి ఉంచి మాట్లాడాడు. "ఇది పెండ్లి చీర. కొంగు కాడికొచ్చింది. పట్టు పోగును నూలు పోగుకు ఒక్కొక్కటి కలిపి ఎక్కించిన. ఇది ఇడిచిపెట్టి లేస్తే బిగువు పోతది. తేమకు ఊరి పాడైతది. ఇది కోసినంక చూద్దం."

"గోడ ఆగుతదా అప్పటిదాంక?"

"ఈ గోడ మా నాయన పెట్టిండు. మూరెడు మందం. నా లగ్గానికి ముందటి నుంచి నిలవడ్డది. నువ్వు ఫోటోల చూసి వచ్చినవు. నేను దీని కిందనే కూసున్న ఇన్నేండ్ల సంది."

తరువాత ఆయన నాతో చల్లగానే మాట్లాడాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు. నేసిన మేరకు కొంగు ఎత్తి చూపించాడు. మామిడిపిందెల వరుస, వాటి నడుమ చిలకలు. నిజంగా అంత మంచి చీరను నేను తెర మీద కూడా చూడలేదు. దాన్ని చూస్తూ నేను ఆ పైన ఉన్న దూలాలనే వింటున్నాను.

తిరిగి వచ్చిన రెండు మూడు రోజులకే ముసురు పట్టింది. మా వీధిలో డ్రైనేజీ పొంగింది. పాన్‌గల్ దిక్కు చెరువు అలుగు పారిందని, లింగాల వైపు తొవ్వలు తెగాయని పక్కింట్లో చెప్పుకుంటున్నారు. ఎక్కడో ఒక ఊర్లో మట్టి గోడ కూలి పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయారని ఎవరో అన్నారు. ఊరి పేరు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు.

ఆ ముసురులోనే ఒక పొద్దున గద్వాల నుంచి చీరలొచ్చాయి. మొదటిది ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. అలవాటు కొద్దీ మూల నిటారుగా వచ్చేదాకా ఫోటోను తిప్పాను. మూల నిలబడింది. చీర ఒరిగింది.

గాలికి ఊగిన చీరనేమో అనుకుని రెండోది తెరిచాను. మూలను నిలబెట్టాను. చీర ఒరిగింది. మూడోదీ అంతే. కర్రకు వేలాడే చీర ఎప్పుడూ నిటారుగానే దిగుతుంది, మేస్త్రీలు గోడను చూసుకునే గుండుదారం లాగా. అది తప్పు చెప్పదు. ఈసారి చీరను నిటారుగా నిలబెట్టి చూశాను. మూల, దాంతో పాటు పక్క గోడ, పైభాగం బయటికి, గొయ్యి వైపుకు వాలి కనిపించాయి. పైన ఎడమ కొసలో తెల్లటి మచ్చ ఒకటి ఉంది. పెద్దది చేశాను. మచ్చ కాదు. పగులులోంచి ఆకాశం కనిపిస్తున్నది. దాని కింద, అదే చోట, తువ్వాలు చుట్టిన తల.

ఫోన్ రెండోసారికి ఎత్తింది. వెనక వాన చప్పుడు, మగ్గం చప్పుడు.

"చెల్లె, ఇంట్లకెళ్లి బయటికి రాండి. ఇప్పుడే. గోడ వాలింది."

"ఎట్ల తెల్సక్కా?"

"నువ్వు పంపిన ఫోటోల కనవడ్తుంది. పైకి చూడు, మూలకు. వెలుగొస్తుందా?"

ఆమె అడుగులు మూల వైపు పోయాయి. "హౌదు," అంది. కన్నడంలో అవునని. "హౌదక్కా. వస్తుంది."

"మీ మామను లేపు."

"పొద్దటి సంది చెప్తున్న. ఇంకొక మూరెడే ఉందంటుండు. నా మాట ఇంటలేడు." ఆమె గొంతు మారింది. "ఫోన్ పెట్టకు అక్కా."

ఫోన్‌ను ఎక్కడో, బహుశా దీపపు గూట్లో, పెట్టినట్టుంది. అన్నీ దూరంగా వినిపించాయి. మగ్గం నడుస్తూనే ఉంది. ఆమె ఏదో అంది. ఆయన చిన్నగా ఏదో అన్నాడు. మళ్లీ ఆమె, "మామా, బ్యాడ మామా, లేవండి మామా." బ్యాడ అంటే కన్నడంలో వద్దని. మగ్గం ఆగలేదు. తరువాత ఆమె అడుగుల చప్పుడు లోపలికి పోయి వచ్చింది. అప్పుడు ఆగింది మగ్గం.

ఆ వెంటనే ఆయన అరిచాడు. మనిషి దెబ్బ తగిలి అరిచే అరుపు కాదది. గోడ పడిందనే అనుకున్నాను. కాని వాన అట్లాగే పడుతూ ఉంది, ఆయన మళ్లీ మళ్లీ అరుస్తున్నాడు, మాటలు అర్థమయ్యాయి. "ఏం చేసినవే, ఏం చేసినవే."

తరువాత ఆమె గొంతు, చాలా నెమ్మదిగా. "ఇగ లెయ్యి మామా. నెయ్యనీకి ఏం లేదు."

కత్తెర తెచ్చి ఆ పడుగును ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా కోసేసింది.

వాళ్లు బయటికి వచ్చారు. ఆమె మొదట మగ్గం మీది చీరను నేసినంత మేరకు చుట్టబెట్టి తెచ్చింది. తరువాత పడుగు పోగులు దూర్చే అచ్చు, బియ్యం డబ్బా, బట్టలు. అదే సందులో ఎత్తు అరుగు ఉన్న ఒక ఇంట్లో చోటిచ్చారు. ముసలాయన వట్టి చేతులతో వచ్చి ఆ అరుగు మీద కూర్చున్నాడట. కోడలితో మాట లేదు.

గోడ పడలేదు.

ఆ రోజు పడలేదు. మరునాడు పడలేదు. వాన తెరిపిచ్చింది. ఎండ వచ్చింది. ఎండ కొట్టేకొద్దీ నాకు ఫోన్ చేయాలంటే జంకు పట్టుకుంది. చేస్తే కోడలు పొడిపొడిగా మాట్లాడేది. సందులో అందరూ అంటున్నారట, ఫోటో చూసి చెప్పిన మాటకు బంగారమసొంటి చీరను కోసిందని. ఆదివారం ఆమె భర్త వచ్చి, గోడను చేత్తో తట్టి చూసి, "ఎంత నష్టం చేసినవో తెల్సా" అన్నాడట. మేడం ఆ పెళ్లి చీర ఏమైందని అడిగింది. వాళ్ల ఇంట్లో ఇబ్బంది వచ్చిందని చెప్పాను.

ఆ రోజుల్లో నాలో కదిలిన ఒక ఆలోచనను నేనే భరించలేకపోయాను. ఆకాశం వైపు చూసి మబ్బు కోసం వెతికేదాన్ని. ఆ గోడ నిలబడాలని కోరుకోవాల్సింది పోయి, నా మాట నిజం కావాలని కోరుకుంటున్నానేమో అని భయం వేసింది. ఫోటోలు మళ్లీ తెరిచి చూసేదాన్ని. ఒరిగిన గోడ ఒరిగినట్టే ఉంది. నా కళ్లు తప్పు కాదు. అయినా పడలేదు.

పక్కింటి ముసలమ్మ ఒకరోజు మాటల్లో అంది, "వానల నానిన గోడ వానల పడదు బిడ్డా. నీళ్లు దాన్ని పట్టుకొని ఉంటయి. ఎండ కొట్టి ఆరుతుంటది సూడు, అప్పుడు పడ్తది." ఆమె వేరే ఎవరి ఇంటి గురించో చెబుతున్నది. నేను లోపలికి వచ్చి గద్వాలకు ఫోన్ చేశాను. కోడలు ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో తరువాత ఆమె చెప్పింది.

ఆ పొద్దున ముసలాయన చద్ది తిని, ఎవరికీ చెప్పకుండా పాత ఇంటికి పోయాడు. తెగిన పడుగును ఒక్కొక్క పోగుగా ముడివేసి అతకాలని, చుట్టబెట్టిన చీరను కూడా తీసుకుని పోయాడు. అరుగు మీద ఆయన లేకపోవడం చూసి కోడలు పరుగెత్తింది. తలుపు తీసి ఉంది. గుంటలో కూర్చుని ఆయన దారాలు ముడేస్తున్నాడు. అప్పటికే జానెడు వెడల్పు కలిపాడట.

"మామా, రాండి."

ఆయన తల ఎత్తలేదు. ఆమె గడప దాటలేదు. దాటబుద్ధి కాలేదంది. పగులు ఇప్పుడు ఎండ వెలుగుతో నిండి ఉంది, తలుపు సందులో నుంచి వచ్చినట్టు. మిద్దె లోపల టిక్కు టిక్కుమని చప్పుడు.

బతిమాలింది. ఏడ్చింది. లాభం లేదు. అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. ఎన్నడూ మామ ముందు గొంతు ఎత్తని మనిషి సందు అంతా వినేటట్టు అరిచింది. "ముడెయ్యి! ఎన్ని ముడేస్తవో ముడెయ్యి! కోసింది నేనే. మళ్ల కోస్త. నీ ముంగటనే కోస్త. నువ్వు నేసేదంత కోస్త!"

ఆయన దారం వదిలాడు. గుంట అంచు మీద రెండు చేతులూ ఆనించి లేచాడు. "నా గడపల నిలవడి నన్నంటవా?" అంటూ ఆమెను కొట్టడానికే వచ్చాడు. ఆమె వెనక్కి నడిచింది. ఆయన గడప దాటాడు. ఆమె ఇంకా వెనక్కి నడిచింది, ఎదురింటి గోడ తగిలేదాకా. ఆయన చెయ్యి ఎత్తాడు.

పక్క గోడ గొయ్యిలోకి వాలింది. చప్పుడు తరువాత వచ్చిందట. ముందు ఇంట్లోంచి గాలి వచ్చింది, మట్టి వాసనతో, వెచ్చగా, ఇల్లు ఊపిరి విడిచినట్టు. దూలాలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. వాటి వెంట మిద్దె అంతా. దుమ్ములో ఒకరికొకరు కనబడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే ఆయన చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. ఎందుకు ఎత్తాడో మరిచిపోయినట్టు దాన్ని చూసుకున్నాడు. తరువాత సందు నడుమ కూలబడ్డాడు. మగ్గం గుంట ఉన్నచోట మట్టి గుట్ట లేచి ఉంది.

ఆమె ఇదంతా నాకు సాయంత్రం ఫోన్‌లో చెప్పింది. చెబుతూ మధ్యలో కన్నడంలోకి పోయింది. నాకు సగం అర్థం కాలేదు, ఆపమనలేదు. నా మాట నిజమైనందుకు ఆనందపడతానేమో అని కొన్నాళ్లు భయపడ్డాను కదా. అలాంటిదేమీ రాలేదు.

సందులో వాళ్లు మట్టి తవ్వి ఆ చీరను బయటికి తీశారు. ఆమె ఫోటో తీసి పంపింది, అమ్మడానికి కాదు, చూడమని. కూలిన ఇంటి ముందు ముసలాయన కూర్చుని ఉన్నాడు, మోకాళ్ల మీద ఆ చీర. నూలు మట్టిరంగు అయింది. పట్టు అంచు అక్కడక్కడ ఇంకా మెరుస్తున్నది. మేడంకు సంగతి తెలిసి చాలా బాధపడింది. కొంత సాయం కూడా పంపింది. ఆ ఫోటో ఇస్తే వెబ్‌సైట్ మొదటి పేజీలో పైన వెడల్పుగా పెడదామని, చూసినవాళ్లు తోచింది ఇస్తారని అంది. ఆ పేజీకి పట్టేది అడ్డంగా పొడుగు, ఎత్తు చాలా తక్కువ. ఆ కొలతకు కత్తిరించి చూశాను. ఇల్లు ఉంచితే ఆయన తల పోతుంది. ఆయన్ను ఉంచితే వెనక ఏం జరిగిందో తెలియదు, చీర పట్టుకుని ఎండలో కూర్చున్న ముసలాయనలా ఉంటాడు. కోడలిని అడిగాను.

"బ్యాడక్కా," అంది. "మామ మొఖం పెట్టకు. ఆయన ఇంక నాతోని మాట్లాడ్తలేడు. గా ఫోటో చూస్తే ఎన్నటికి మాట్లాడడు."

పెట్టలేదు. మేడం కూడా పట్టుబట్టలేదు.

వానాకాలం వెనకపట్టు పట్టాక మళ్లీ గద్వాలకు పోయాను. వాళ్లు ఊరి చివర ఒక అద్దె గదిలో ఉన్నారు. ఇటుక గోడలు, రేకుల కప్పు, నేల మీద నిలబెట్టే ఇనుప మగ్గం. ముసలాయన స్టూలు మీద కూర్చుని నేస్తున్నాడు. గుంట లేక కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకదాని మీద ఒకటి వేసుకుంటున్నాడు. కోడలు చాయ్ తెచ్చి ఆయన పక్కన నేల మీద పెట్టింది. ఆయన ఆమె వైపు చూడలేదు, గ్లాసు మాత్రం తీసుకున్నాడు. అంతకుముందు అది కూడా లేదని తరువాత చెప్పింది.

కాసేపటికి ఆయన నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నీకు కనవడ్తయంట గద అన్ని. ఈ ఇల్లు జర చూసి చెప్పు."

ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుని ముఖం చూశాను. కాదు. చేతులు మగ్గం మీద ఉంచుకుని ఎదురుచూస్తున్నాడు. నేను లేచాను. గోడలు తట్టాను. మూలలు చూశాను. రేకులను పట్టుకున్న ఇనుప పైపులు పైకి చూశాను. కిటికీలోంచి అవతల ఖాళీ జాగా, గడ్డి, ఒక మేక కనిపించాయి. ఆ జాగా ఎవరిదో, ఎప్పుడు ఏం కడతారో నాకెట్లా తెలుస్తుంది? గోడల గురించి నాకేమీ తెలియదు. ఒకే గోడను, ఒకే మూలను, రెండేళ్లు చూశాను కాబట్టి అది తెలిసింది. ఈ గదిని నేను చూసి గంట కూడా కాలేదు.

"మంచిగనే ఉంది పెద్దనాయనా," అన్నాను.

ఆయన తల ఊపి నాడె అందుకున్నాడు. కోడలు గోడకు ఆనుకుని నిలబడి, ఆయన్ను కాదు, నన్నే చూస్తున్నది.